ఒకే జీతం, ఒకే బడి: ఉపాధ్యాయుల పనితీరులో తేడా ఎక్కడి నుంచి వస్తుంది?

మేడమ్, మీరు అడిగినది క్లుప్తంగా మళ్లీ చెప్పి మొదలుపెడతాను. కుప్పం వైపు సరిహద్దు మండలంలోని ఒక జిల్లా పరిషత్ హైస్కూలుకు మీరు కొత్తగా ప్రధానోపాధ్యాయురాలిగా వచ్చారు. మీ ఉపాధ్యాయులందరికీ బీఈడీ ఉంది, అందరూ పరీక్ష రాసి ఉద్యోగం తెచ్చుకున్నవాళ్లే. అయినా ముగ్గురు నలుగురు ప్రాణం పెట్టి చెబుతుంటే, మిగిలినవాళ్లు గంట కొట్టేదాకా కాలం గడుపుతున్నారు. జీతం పెంచడం గానీ కోయడం గానీ మీ చేతిలో లేదు. ప్రేరణ వల్ల పనితీరు నిజంగా మారుతుందా, లేక శిక్షణ తరగతుల్లో వినిపించే మాట మాత్రమేనా అని అడిగారు. రిటైర్మెంటుకు దగ్గరపడిన సోషల్ మాస్టారి గురించి, మెగా డీఎస్సీలో ఎంపికై శ్రీకాళహస్తి నుంచి మీ బడికి వచ్చిన లెక్కల టీచరు గురించి విడిగా రాశారు.

ఉమ్మడి చిత్తూరు జిల్లాలో స్కూల్ అసిస్టెంటుగా, అంటే హైస్కూలు సబ్జెక్టు టీచరుగా, ఆ తర్వాత ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి రిటైరైనవాణ్ణి. నాకు తెలిసినంతలో మీ మొదటి ప్రశ్నకు జవాబు అవుననే. ప్రేరణ ఉంటే పనితీరు మారుతుంది. అయితే ఆ మార్పు హాజరు రిజిస్టరులో దొరకదు. పాఠ్యపథకం రాసిన పుస్తకంలోనూ దొరకదు. తనిఖీకి వచ్చే అధికారి చూసేవి ఆ రెండే కాబట్టి, ప్రేరణ గురించి మన శాఖలో జరిగే చర్చంతా అక్కడే ఆగిపోతుంది.

అది కనిపించేది పీరియడ్ లోపల, ముఖ్యంగా పిల్లవాడు తప్పు జవాబు చెప్పిన క్షణంలో. ఎనిమిదో తరగతిలో ఏ ప్లస్ బి మొత్తానికి వర్గం ఎంత అని అడిగితే, సగం మంది ఏ వర్గం ప్లస్ బి వర్గం అంటారు. ఒక మాస్టారు 'తప్పు' అని సరైన సూత్రాన్ని బోర్డు మీద రాసి ముందుకు పోతారు. సిలబస్ ప్రకారం ఆయన పని అయిపోయింది, ఎవరూ వేలెత్తి చూపలేరు. ఇంకొకరు ఆగి, 'సరే, ఏ స్థానంలో 2, బి స్థానంలో 3 పెట్టి చూడు' అంటారు. 5 వర్గం 25. 4, 9 కలిపితే 13. 'మిగిలిన 12 ఎక్కడికి పోయింది?' అని తరగతినంతా అడుగుతారు. ఆ 12 కోసం వెతికిన పిల్లలు ఆ సూత్రాన్ని మరచిపోరు. ఈ ఇద్దరికీ చదువు ఒకటే, స్కేలు ఒకటే. రెండో మాస్టారు అదనంగా పెట్టింది నాలుగు నిమిషాల ఓపిక. ఆ ఓపికను ఏ ఉత్తర్వూ తెప్పించలేదు, అది లేకపోయినా ఏ రిజిస్టరూ పట్టుకోలేదు. నోటుపుస్తకాల్లో టిక్కు పెట్టి వదిలేయడానికీ, తప్పు కింద గీత గీసి 'ఇక్కడ మళ్లీ చూడు' అని రాయడానికీ ఉన్న తేడా కూడా ఇలాంటిదే. చివరి బెంచీలో కూర్చున్న పిల్లను వారంలో ఒక్కసారైనా పేరు పెట్టి పిలిచారా లేదా అన్నదీ ఇందులోకే వస్తుంది.

ఇది నా అభిప్రాయమే అనుకోకండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దీని మీద పెద్ద ప్రయోగం జరిగింది. 2005లో మొదలైన ఆ అధ్యయనంలో కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఆర్థికవేత్తలు ఐదు జిల్లాల్లో 500 గ్రామీణ ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలను తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో విడగొట్టి, కొన్ని బడుల్లో పిల్లల మార్కులు పెరిగినదాన్నిబట్టి ఉపాధ్యాయులకు బోనస్ ఇచ్చారు. సగటున అది ఏడాది జీతంలో 3 శాతం దగ్గర ఉంది, అంటే చిన్న మొత్తమే. రెండేళ్లయ్యేసరికి ఆ బడుల పిల్లలు లెక్కల్లోనూ భాషలోనూ మిగిలిన బడులకన్నా స్పష్టంగా ముందున్నారు. బోనస్ లేని సైన్సు, సోషల్ పరీక్షల్లోనూ మెరుగ్గా రాశారు. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించిన సంగతి ఇంకొకటి ఉంది: బోనస్ బడుల్లో ఉపాధ్యాయుల గైర్హాజరు తగ్గలేదు. ముందు ఎన్ని రోజులు వచ్చేవారో అన్ని రోజులే వచ్చారు. బడిలో ఉన్నప్పుడు చేసే పని మారింది. అదనపు తరగతులు తీసుకున్నారు, ఇంటిపని ఎక్కువ ఇచ్చారు, పరీక్షలు పెట్టి దిద్దారు, వెనకబడిన పిల్లల మీద దృష్టి పెట్టారు. హాజరును మాత్రమే కొలిచి ఉంటే ఆ ప్రయోగం విఫలమైందని రాసేవారు.

అదే పరిశోధకులు బోనస్ లేని 100 బడుల్లో ఇంకొకటి పరిశీలించారు. పిల్లలు ఏ అంశంలో వెనకబడ్డారో వివరంగా రాసిన నివేదికను ఉపాధ్యాయుల చేతికిచ్చి, అప్పుడప్పుడూ వెళ్లి తరగతిని గమనించారు. గమనించేవాళ్లు ఉన్నప్పుడు ఉపాధ్యాయులు చురుగ్గా బోధించారు. ఏడాది చివర చూస్తే పిల్లల మార్కుల్లో తేడా ఏమీ రాలేదు. మన తనిఖీ వ్యవస్థ కోరుకునేవి సరిగ్గా ఈ రెండే, నివేదిక, పర్యవేక్షణ. వాటివల్ల అధికారి ఉన్న గంటసేపు బడి బాగుంటుంది.

మరి డబ్బే మందా? ఆ మాటా చెల్లదు. ఇండోనేషియా 2005లో చట్టం చేసి, సర్టిఫికెట్ పొందిన ఉపాధ్యాయులకు మూలవేతనానికి సమానమైన భత్యం ఇచ్చింది. జీతం దాదాపు రెట్టింపైంది. దాని ఫలితాలను పరిశీలించినవాళ్లకు ఉపాధ్యాయులు మునుపటికన్నా సంతృప్తిగా ఉన్నారని, ఇంటి ఖర్చుల ఒత్తిడి తగ్గిందని, బయట రెండో పని చేసేవాళ్లు తగ్గారని తేలింది. పిల్లల చదువులో మాత్రం రెండు మూడేళ్ల తర్వాత కూడా మార్పు లేదు. ఇక్కడ 3 శాతం చేసిన పని అక్కడ 100 శాతం చేయలేకపోయింది. కారణం కష్టమైనది కాదు. అక్కడ డబ్బుకూ తరగతి గదిలో జరిగేదానికీ సంబంధం లేదు.

హెర్జ్‌బర్గ్ అనే అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త 1959లోనే దీనికి దగ్గరి మాట చెప్పాడు. పిట్స్‌బర్గ్‌లోని ఇంజినీర్లను, అకౌంటెంట్లను అడిగి, ఉద్యోగంలో బాధపెట్టే విషయాలు ఒక జాబితా, ఉత్సాహమిచ్చేవి ఇంకో జాబితా అని తేల్చాడు. జీతం, పైఅధికారి తీరు, పని పరిస్థితులు మొదటి జాబితాలో ఉన్నాయి. అవి చెడితే మనిషి కుంగిపోతాడు, బాగున్నంతమాత్రాన ఉరకలు వేయడు. సాధించానన్న తృప్తి, గుర్తింపు, పనిలోనే ఉన్న ఆసక్తి, బాధ్యత రెండో జాబితాలో ఉన్నాయి. ఈ విభజన మీద తర్వాత చాలా విమర్శలు వచ్చాయి, అందులో కొన్ని న్యాయమైనవే. అయినా హైస్కూలు స్టాఫ్ రూములో కూర్చున్నవారెవరికైనా ఈ రెండు జాబితాలూ కళ్లముందు కనిపిస్తాయి.

పై ప్రయోగం ప్రాథమిక పాఠశాలలది. హైస్కూలు పరిస్థితి వేరు, మీ సమస్య అంతా అక్కడే ఉందని నా నమ్మకం. ప్రాథమిక పాఠశాలలో పిల్లవాడు జూన్‌లో చదవలేనిది మార్చిలో చదివితే, అది ఎవరి కష్టమో టీచరుకు తెలుసు. హైస్కూలులో ఒక తరగతికి ఆరేడుగురు చెబుతారు. ఫలితం మాత్రం ఒకేసారి, పదో తరగతి పరీక్షలప్పుడు వస్తుంది. ఆరో తరగతిలో భిన్నాలు కష్టపడి నేర్పినవారికి నాలుగేళ్ల తర్వాత వచ్చే మార్కుల్లో తన పాలు ఎంతో తెలియదు. పేపర్లో ఫొటో వచ్చినా, మండలంలో సన్మానం జరిగినా అది పదో తరగతికి చెప్పినవారికే. చిత్తూరు రైతుకు తోతాపురి మొక్క కాయ ఇవ్వడానికి ఏళ్లు పట్టినా ఈ ఏటి చిగురు కంటికి కనిపిస్తుంది, ఆ చిగురు చూసే నీళ్లు పెడతాడు. మన ఆరు, ఏడు తరగతుల ఉపాధ్యాయులకు ఆ చిగురును చూపించేవాళ్లు లేరు. ఏళ్ల తరబడి పనిచేసి ఫలితం కనిపించకపోతే మనిషి తన శ్రమను తగ్గించుకుంటాడు. దాన్ని బద్ధకం అనడం నాకు నచ్చదు. మొదటి ఐదేళ్లలో ప్రాణం పెట్టి చెప్పినవాళ్లే పదిహేనో ఏటికి గంట కోసం చూడటం మనందరం ఎరిగినదే. స్వభావమే కారణమైతే మొదటి ఏడే అలా ఉండాలి కదా.

దీనికి తోడు పైనుంచి వచ్చే పని ఉంది. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం జనగణన, విపత్తు సహాయం, ఎన్నికల విధులు తప్ప ఉపాధ్యాయులకు చదువేతర పని అప్పగించకూడదు. యాప్‌లలో ఫొటోలు ఎక్కించడం, అంకెలు నింపడం ఆ సెక్షన్ రాసినప్పుడు ఎవరూ ఊహించని సంగతులు. పని ఎక్కువైందన్న బాధకన్నా, నమ్మకం లేనట్టు ప్రతిదానికీ సాక్ష్యం అడుగుతున్నారన్న బాధ ఎక్కువ. పదోన్నతి సంగతి కూడా అంతే. ఆరేళ్లకోసారి స్కేలు మారుతుంది, చేసే పని మాత్రం మొదటి రోజు చేసినదే. స్కూల్ అసిస్టెంటుగా చేరి స్కూల్ అసిస్టెంటుగానే రిటైరయ్యేవాళ్లు ఎందరో. వీటిని మీరు మార్చలేరు. మీ టీచర్ల ముందు వీటిని కాదనకుండా ఒప్పుకుంటే చాలు. 'అవన్నీ సాకులు' అన్న ప్రధానోపాధ్యాయుల మాట ఆ తర్వాత స్టాఫ్ రూములో ఎవరూ వినరు.

భయంతో పనిచేయించవచ్చు కదా అనేవాళ్లకు తిరుపతిలోని ప్రైవేటు బడుల్లో పనిచేసినవారితో ఒక గంట మాట్లాడమని చెబుతాను. వారంవారం పరీక్షలు, ప్రతి సెక్షనుకూ లక్ష్యం, వేసవిలో ఇంటింటికీ తిరిగి అడ్మిషన్లు తేవాలన్న నిబంధన. ఆ భయం కొలిచేవాటినన్నిటినీ పెంచుతుంది. కొలవని వాటిని, అంటే పిల్లవాడి సందేహాన్ని, నిదానంగా నేర్చుకునేవాడిని, తరగతిలో నవ్వును తీసేస్తుంది. సత్తా ఉన్న టీచర్లు మొదటి అవకాశం దొరకగానే వెళ్లిపోతారు.

ఇక మీ చేతిలో ఏముందో చూద్దాం. నా లెక్కలో ప్రధానోపాధ్యాయుల చేతిలో ఉన్న పెద్ద ఆయుధం టైంటేబుల్. ఏ టీచరు ఏ తరగతికి వెళ్లాలో మీరే రాస్తారు. బడిలో అందరికన్నా బాగా చెప్పేవారికి పదో తరగతితోపాటు ఆరో తరగతి తప్పకుండా ఇవ్వండి. అలా ఇస్తే, చిన్న తరగతికి పంపడం శిక్ష అన్న భావన పోతుంది. యాప్‌ల పనికి, రికార్డులకు ఒకే సమయం, ఒకరిద్దరు మనుషులు అని విడిగా పెట్టి, వారికి ఆ మేరకు పీరియడ్లు తగ్గించండి. పాఠం జరుగుతున్న గదిలోకి కాగితం పట్టుకుని ఎవరూ వెళ్లకూడదన్న నియమం మీతోనే మొదలవ్వాలి. మీరు కూడా వెళ్లకూడదు. టీచరు పీరియడ్‌కు మీరిచ్చే గౌరవం అది, రూపాయి ఖర్చు లేదు.

రెండోది, ఫలితాన్ని దగ్గరకు తేవడం. బడి తెరిచిన మొదటి వారంలో ఆరో తరగతి పిల్లలందరితో ఒక చిన్న పేరా చదివించండి, రెండంకెల తీసివేత ఒకటి చేయించండి. మీ మండలంలో ఇంట్లో తమిళమో కన్నడమో మాట్లాడే పిల్లలు ఎక్కువ. తెలుగు పేరా తడబడ్డవాళ్లందరికీ చదువు రాదని రాసేయకుండా, అర్థమైందో లేదో నోటితో అడిగి చూడమనండి. ఈ పని ఆ తరగతికి చెప్పే టీచరే చేయాలి. కాగితం వారి దగ్గరే ఉండాలి. పైకి పంపవద్దు, నోటీసు బోర్డులో పెట్టవద్దు. దీపావళి దాటాక అదే పేరా, అదే లెక్క మళ్లీ. పైన చెప్పిన నివేదికల ప్రయోగం ఎందుకు పనిచేయలేదని నేను చాలా ఆలోచించాను. వేరెవరో కొలిచి పంపిన కాగితం తన పని గురించి వచ్చిన తీర్పులా ఉంటుంది. తానే కూర్చోబెట్టి చదివించిన పిల్ల, జూన్‌లో కూడబలుక్కున్నది నవంబరులో గడగడా చదివితే, ఆ అనుభవం వేరు. ఇది పరిశోధన చెప్పింది కాదు, నా అనుభవం నుంచి వచ్చిన అభిప్రాయం.

స్టాఫ్ మీటింగుల్లో సర్క్యులర్లు చదవడం మానేయండి, అవి వాట్సాప్‌లో అందరికీ అందుతూనే ఉన్నాయి. ఆ అరగంటలో ఏదో ఒక సబ్జెక్టు జవాబు పత్రాలు నాలుగు బల్ల మీద పెట్టి, పిల్లలు ఎక్కడ, ఎందుకు తప్పారో కలిసి చూడండి. మొదటిసారి మీ సబ్జెక్టు పత్రాలతోనే మొదలుపెట్టండి. ఎవరి శాతం ఎంత అన్న మాట ఆ గదిలో రాకూడదు. ఇది నిలదొక్కుకోవడానికి ఒక ఏడాది పడుతుంది, మొదటి రెండు మూడు సమావేశాల్లో ఎవరూ నోరు విప్పకపోవచ్చు. అయినా ఆపకండి.

తరగతి పరిశీలనకు వెళ్లినప్పుడు టీచరును గమనించడం మాని పిల్లలను గమనించండి. బయటికొచ్చాక 'బాగా చెప్పారు' అనవద్దు, ఆ మాటకు విలువ లేదు. 'మీరు అయస్కాంతం గురించి అడిగినప్పుడు కిటికీ పక్క అమ్మాయి చేయి ఎత్తబోయి దించేసింది, ఆమెకు జవాబు తెలుసనుకుంటాను' అని చెప్పి చూడండి. మరుసటి రోజు ఆ టీచరు ఆ అమ్మాయిని తప్పకుండా అడుగుతారు.

బహుమతుల గురించి ఒక మాట. సెప్టెంబరు 5న శాలువాలు కప్పడం మంచి ఆచారమే, దానివల్ల పనితీరు మారుతుందని మాత్రం ఆశించకండి. డెసి అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1971లో కళాశాల విద్యార్థులకు పజిళ్లు ఇచ్చి, కొందరికి డబ్బు చెల్లించాడు. డబ్బు ఆపేశాక వాళ్లు ఖాళీ సమయంలో వాటిని ముట్టుకోవడం తగ్గించారు. ఇష్టంతో చేసే పనికి వెల కడితే ఇష్టం సన్నగిల్లుతుందని ఆయన వాదన. బోనస్ ప్రయోగం దీనికి ఎదురుగా నిలబడుతుంది, ఈ రెండింటి మధ్య తగవు ఇంకా తీరలేదు. మీకు బోనస్ ఇచ్చే వీలు ఎలాగూ లేదు కాబట్టి ఆ తగవు తీరేదాకా ఆగనక్కరలేదు.

సోషల్ మాస్టారి విషయానికి వస్తాను. ఆయనకు ప్రేరణ కలిగించాలని ఉపన్యాసం ఇవ్వకండి. ఆయన మీకన్నా ముందునుంచి ఆ మాటలు వింటున్నారు. అంత సర్వీసు ఉన్న సోషల్ ఉపాధ్యాయుడికి ఈ ప్రాంత చరిత్ర ఎంతో కొంత తెలిసే ఉంటుంది. మైసూరు యుద్ధాల పాఠంలో హైదర్ అలీ పేరు పిల్లలు బట్టీపడతారు. ఆయన 1782 డిసెంబరు 7న కన్నుమూసింది చిత్తూరు దగ్గరి నరసింగరాయనిపేటలోనని మీ బడి పిల్లల్లో ఎందరికి తెలుసు? 'మాస్టారూ, మన జిల్లాలో జరిగిన సంగతులతో ఎనిమిది, తొమ్మిది తరగతుల పాఠాలకు చిన్న నోట్సు తయారుచేయండి, చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసే స్కూలు కాంప్లెక్స్ సమావేశంలో మీరే వివరించండి' అని అడగండి. కొత్త సోషల్ టీచరు ఎవరైనా వస్తే ఆయన పక్కన కూర్చోబెట్టండి. రిటైరయ్యాక కూడా మిగిలే పని ఒకటి చేతిలో పడితే చివరి ఏళ్లు వేరుగా నడవడం నేను చూశాను. అందరూ మారతారని చెప్పను. కొందరిని ఆరోగ్యం, మరికొందరిని ఇంటి బాధ్యతలు నిజంగానే లాగేస్తాయి. అలాంటివారికి తేలికైన తరగతులిచ్చి, మర్యాదగా చూసుకోవాలి.

లెక్కల టీచరుది మరో సమస్య. ఉమ్మడి జిల్లా ఆ కొస నుంచి ఈ కొసకు వచ్చి అద్దె గదిలో ఉంటోందన్నారు. కనీస సర్వీసు పూర్తికాగానే బదిలీ కోరుకుంటుందని మీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఆమె నిబద్ధతను దాన్నిబట్టి తూచకండి. ఇల్లు దొరకడం, వచ్చే బస్సు సమయానికి మొదటి పీరియడ్ సర్దుబాటు, ఊళ్లో ఒకరిద్దరు తెలిసినవాళ్లు, ఈ మూడూ ముందు చూడండి. చుట్టూ ఉన్నవారితో సంబంధం లేనివారికి పని మీద మనసు నిలవడం కష్టం. మధ్యాహ్న భోజనం వేళ ఆమె ఒంటరిగా తింటోందేమో గమనించి, స్టాఫులో ఒకరికి చెప్పండి.

తర్వాత, ఆమెకు ఈసారి ఆరో తరగతి ఇవ్వండి. వచ్చే ఏడు అదే పిల్లలతో ఏడో తరగతికి, ఆ పైయేడు ఎనిమిదికి ఆమెనే పంపండి. మూడేళ్లు ఒకే బ్యాచ్ చేతిలో ఉంటే ఎవరి కష్టం ఎక్కడికి చేరిందో వెతకాల్సిన పని లేదు, ఆరులో తీసివేత రాని పిల్ల ఎనిమిదిలో సమీకరణం సాధించడం ఆమే చూస్తుంది. పదో తరగతికి సీనియర్ లెక్కల మాస్టారు ఉన్నారన్నారు కాబట్టి ఫలితాల విషయంలో పైనుంచి మీకు ఇబ్బంది ఉండదు. టైంటేబుల్ వేశాక మార్చడం గొడవ. జూన్‌లో మొదటి చిత్తుప్రతి రాసేటప్పుడే ఆ మాస్టారిని, ఈమెను కూర్చోబెట్టుకుని, ఎందుకిలా వేస్తున్నారో ఇద్దరికీ చెప్పి రాయండి.